మొనాకోలో ఫార్ములా 2: 16 నిమిషాల్లో తేలిపోయే వారాంతం

2025 మే 24, శనివారం. మొనాకోలో ఫార్ములా 1కు కింది మెట్టయిన ఫార్ములా 2 (ఎఫ్2) స్ప్రింట్ రేసును, అంటే శనివారం జరిగే చిన్న రేసును, కుశ్ మైనీ గెలిచాడు. గ్రిడ్ (రేసు మొదలయ్యే ముందు కార్లు నిలబడే వరస) మీద మొదటి స్థానం నుంచి బయలుదేరి, జెండా ఊపేదాకా ఎవరినీ ముందుకు రానివ్వలేదు. అంతకు ముందు, గ్రిడ్ వరసను తేల్చే క్వాలిఫయింగ్‌లో అతనిది 10వ స్థానం. ఆదివారం జరిగే పెద్ద రేసు, అంటే ఫీచర్ రేసులో కథ తిరగబడింది. పోల్ (క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం) సాధించిన అలెక్స్ డన్, అతని పక్కన రెండో స్థానంలో నిలబడ్డ విక్టర్ మార్టిన్స్ మొదటి మలుపులోనే ఒకరికొకరు తగులుకున్నారు. వెనక వస్తున్న కార్లకు తప్పుకునే దారి లేదు. దాదాపు సగం కార్లు అక్కడే ఆగిపోయాయి, రేసును ఆపేసే ఎర్రజెండా పడింది.

కొత్తగా చూసేవాళ్లకు ఇదంతా అయోమయంగా ఉంటుంది. పదో స్థానం వాడు ముందు నిలబడటం ఏమిటి? అందరికన్నా వేగంగా ఉన్నవాడు మొదటి మలుపు కూడా దాటకపోవడం ఏమిటి? ఈ రెండింటికీ మూలం ఒకటే. మొనాకోలో ముందున్న కారును దాటడం దాదాపు అసాధ్యం. క్వాలిఫయింగ్ పద్ధతి, టైర్ల వాడకం, కారు అమరిక, పిట్ స్టాప్ (టైర్లు మార్చడానికి ఆగడం) ఎప్పుడు చేయాలన్న లెక్క, అన్నీ ఈ ఒక్క నిజం చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి ఒక్క రోజే చూసే తీరిక ఉంటే ఆదివారం వదిలేసి శుక్రవారం క్వాలిఫయింగ్ చూడమని చెబుతాను.

ముందు రోడ్డు సంగతి

సర్క్యూట్ పొడవు 3.337 కిలోమీటర్లు, మలుపులు 19. ఫార్ములా 1 క్యాలెండర్‌లో ఇంతకన్నా చిన్న ట్రాక్ లేదు. రేవు పక్కన మొదలై, కసినో కూడలి దాకా ఎక్కి, హెయిర్‌పిన్ అనే వెనక్కి తిరిగే మలుపు మీదుగా మళ్లీ నీటి ఒడ్డుకు దిగుతుంది. ఎత్తుకూ పల్లానికీ తేడా సుమారు 42 మీటర్లు. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఇవి ఊళ్లో జనం తిరిగే రోడ్లే. రేసు వారంలో కూడా సాయంత్రం కాగానే చాలా భాగం మళ్లీ మామూలు వాహనాలకు వదిలేస్తారు.

దీనివల్ల వచ్చే చిక్కులు చాలా ఉన్నాయి. వాన నీరు పక్కకు పోవడానికి రోడ్డు మధ్యలో ఉబ్బుగా, అంచుల్లో వాలుగా ఉంటుంది. బ్రేకు వేసే చోట ఆ ఉబ్బును దాటాల్సి వస్తే ఒక పక్క చక్రాల మీద బరువు తగ్గి అవి బిగుసుకుపోతాయి. తెల్ల గీతల మీద తడి ఉంటే టైరుకు పట్టే దొరకదు. మురుగు మూతలు గాలి లాగుడికి లేచిపోకుండా వెల్డింగ్ చేసి బిగిస్తారు. రాత్రంతా మామూలు బండ్లు తిరిగిన రోడ్డు పొద్దున్నే దుమ్ముగా, జారుడుగా ఉంటుంది. రేసు కార్ల టైర్ల రబ్బరు దాని మీద పరుచుకునే కొద్దీ పట్టు పెరుగుతుంది. ఈ పెరుగుదల ఎంత వేగంగా ఉంటుందంటే, ఒకే సెషన్‌లో మొదటి నిమిషంలో తీసిన ల్యాప్‌ను చివరి నిమిషంలో తీసిన ల్యాప్‌తో పోల్చడమే కుదరదు.

దాటడం ఎందుకు కష్టమో కారు కొలతలు చెబుతాయి. ఎఫ్2 కారు వెడల్పు 2 మీటర్లకు కాస్త తక్కువ, పొడవు 5 మీటర్లకు పైనే. డల్లారా ఛాసిస్, మెకాక్రోమ్ 3.4 లీటర్ల టర్బో వీ6 ఇంజన్, 620 హార్స్‌పవర్. అంత బలం ఉన్నా దాన్ని వాడుకునే నిలువైన దారి ఇక్కడ లేదు. డీఆర్‌ఎస్ (వేగం పెంచడానికి తెరుచుకునే వెనక రెక్క) వాడగలిగే స్టార్ట్ లైన్ దారి కూడా పొట్టిదే, అదీ వంపు తిరిగి ఉంటుంది. ఆశ పెట్టుకోదగ్గ చోట్లు రెండే: మొదటి మలుపు సాంత్ దెవోత్, టన్నెల్ దాటాక వచ్చే నూవెల్ షికేన్ (షికేన్ అంటే వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే మలుపుల జత). రెండు చోట్లా ముందున్నవాడు లోపలి వైపు కాపు కాస్తే వెనకవాడు చేయగలిగింది ఏమీ లేదు.

45 నిమిషాల ప్రాక్టీస్‌లో ఏం చేస్తారు

క్వాలిఫయింగ్‌కు ముందు ఎఫ్2కి దొరికేది 45 నిమిషాల ప్రాక్టీస్ ఒక్కటే. మామూలు ట్రాక్ మీద ఆ సమయాన్ని కారు అమరికలు మార్చి చూడటానికి వాడతారు. ఇక్కడ దానిలో ఎక్కువ భాగం డ్రైవర్ కోసమే ఖర్చవుతుంది. మొదటి ల్యాపుల్లో గోడకు అర మీటరు దూరంగా పోతాడు, తర్వాత ల్యాప్‌కు కాస్త చొప్పున దగ్గరవుతాడు. ఏ గోడ లోపలికి పొడుచుకు వచ్చిందో, ఏ కెర్బ్ (మలుపు అంచున ఉండే దిమ్మె) ఎక్కితే కారు ఎగిరిపడుతుందో వీడియోలో ఎంత చూసినా ఒంటికి తెలిసేది ఇక్కడే. కసినో నుంచి మిరాబో మలుపుకు దిగేటప్పుడు దారి మధ్యలో పెద్ద గతుకు ఉంది. దాని మీదుగా పోతే కింది భాగం రోడ్డుకు కొట్టుకుంటుంది. అందుకే అందరూ నేరుగా పోకుండా కుడికి ఒరిగి మళ్లీ ఎడమకు వస్తారు. నూవెల్ షికేన్‌కు ముందు బ్రేకు వేసే చోట కూడా నేల కాస్త లేచి పడుతుంది. బ్రేకు ఒక్క క్షణం ముందుగా గట్టిగా నొక్కితే ముందు చక్రాలు బిగుసుకుంటాయి, ఆలస్యమైతే వెనక భాగం విసురుతుంది.

అమరికకు వస్తే, గతుకుల వల్ల కారు ఎత్తు పెంచక తప్పదు. కానీ ఎఫ్2 కారుకు డౌన్‌ఫోర్స్‌లో (కారును నేలకు నొక్కి ఉంచే గాలి బలంలో) పెద్ద భాగం అడుగున ఉన్న సొరంగాల నుంచి వస్తుంది. ఎత్తు పెంచిన ప్రతి మిల్లీమీటరుకూ అది తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి ముందూ వెనకా రెక్కలు గరిష్ఠ కోణంలో పెడతారు. గాలి నిరోధం పెరిగినా ఫర్వాలేదు, ఇక్కడ ఎలాగూ నిలువు దారి లేదు. స్ప్రింగులు, కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లు మెత్తగా ఉంచుతారు. గట్టిగా ఉంటే కెర్బ్ తగిలినప్పుడు చక్రం నేలను వదిలేస్తుంది. మరీ మెత్తబరిస్తే ఈత కొలను దగ్గరి షికేన్లలో కుడి ఎడమలకు చకచకా తిరగాల్సినప్పుడు కారు బద్ధకిస్తుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలన్నది డ్రైవర్ చెప్పే మాట మీదే ఆధారపడుతుంది.

వెనక చక్రాలు రెండింటికీ బలాన్ని పంచే డిఫరెన్షియల్ ఇంకో తగాదా. ఆ రెండు చక్రాలనూ కలిపి పట్టి ఉంచే బిగువు, అంటే ప్రీలోడ్ తగ్గిస్తే హెయిర్‌పిన్‌లో కారు సులువుగా తిరుగుతుంది, కానీ బయటికి వచ్చేటప్పుడు లోపలి చక్రం వృథాగా తిరిగిపోతుంది. పెంచితే పట్టు దొరుకుతుంది కానీ ముక్కు తిరగదు. ఆ హెయిర్‌పిన్‌లో వేగం గంటకు 50 కిలోమీటర్లకు అటూ ఇటూగా పడిపోతుంది. స్టీరింగ్ దాదాపు పూర్తిగా తిప్పాలి, కాబట్టి ముందు చక్రాలు మరింత తిరిగేలా సర్దుకుంటారు. ఎఫ్2లో పవర్ స్టీరింగ్ లేదు. ఫీచర్ రేసులో 42 ల్యాపులు, ల్యాప్‌కు 19 మలుపులు, అదంతా భుజాలూ ముంజేతులూ మోయాల్సిన బరువే. అలసిన చేతుల తప్పు గోడ దగ్గర వెంటనే బయటపడుతుంది.

టైర్లలో వేడి ఎక్కించడం

ఎఫ్2, దాని కింది మెట్టయిన ఎఫ్3లలో టైర్లకు వేడి దుప్పట్లు వాడకూడదు. ఈ నిబంధన తెలియకపోతే క్వాలిఫయింగ్ సగం అర్థం కాదు. బయటికి వచ్చేటప్పుడు టైరు గాలి ఎంత వెచ్చగా ఉంటే అంతే వెచ్చగా ఉంటుంది. మామూలు ట్రాక్ మీద పొడవైన వేగపు మలుపుల్లో టైరు నలిగి లోపలి దాకా వేడెక్కుతుంది. మొనాకోలో అలాంటి మలుపులు లేవు. చిన్నచిన్న మలుపులు, మధ్యలో దబాయించి యాక్సిలరేటర్. కాబట్టి వెనక టైర్లు ముందుగా వేడెక్కుతాయి, ముందు టైర్లు చల్లగానే ఉండిపోతాయి. అలాంటప్పుడు వేగంగా పోతే సాంత్ దెవోత్‌లో కారు తిరగకుండా నేరుగా పోతుంది.

అటూ ఇటూ ఊగుతూ నడిపితే వేడెక్కేది టైరు పైపొర మాత్రమే. లోపలికి వేడి పోవాలంటే బ్రేకులు వాడుకోవాలి. యాక్సిలరేటర్ నొక్కుతూ, మళ్లీ గట్టిగా బ్రేకు వేస్తూ పోతే కార్బన్ డిస్క్ వేడి రిమ్‌కూ, రిమ్ నుంచి టైరు లోపలి గాలికీ పాకుతుంది. అందుకే మెకానిక్కులు బ్రేకు గాలి గొట్టాలను టేపుతో కొంత మూసి ఉంచుతారు. ఎంత మూయాలన్నది కూడా లెక్కే. ఎక్కువ మూస్తే రేసులో డిస్కులు మితిమీరి కాలిపోతాయి.

ఒక ఎఫ్2 వారాంతానికి పొడి టైర్లు 5 సెట్లు ఇస్తారు. గట్టి రకం 3, మెత్త రకం 2. మొనాకోకు మామూలుగా పిరెల్లి తెచ్చేవి ఎర్ర రంగు సాఫ్ట్, ఊదా రంగు సూపర్‌సాఫ్ట్. గట్టి రకంలో ఒక సెట్ ప్రాక్టీస్‌కే పోతుంది. మిగిలిన రెండు గట్టి సెట్లలో ఒకటి స్ప్రింట్‌కు, ఒకటి ఫీచర్‌కు. మెత్త సెట్లు రెండూ క్వాలిఫయింగ్‌లో వాడేస్తే ఆదివారం వాటిలోనే ఒకటి మళ్లీ తొడగాలి. తడి టైరు ఒక్క రకమే, ఇంటర్మీడియట్ లేదు. రోడ్డు సగం ఆరినప్పుడు ఏది ఎంచుకున్నా తప్పే అనిపిస్తుంది.

శుక్రవారం: 960 సెకన్లు

22 కార్లు ఒకేసారి 3.337 కిలోమీటర్ల మీద తిరిగితే ఒక్కో కారుకు దొరికేది సుమారు 150 మీటర్లు. వాటిలో సగం టైర్లు వేడెక్కించుకుంటూ నెమ్మదిగా పోతుంటే వేగంగా వచ్చేవాడికి దారే ఉండదు. అందుకే మొనాకోలో కార్లను రెండు గ్రూపులుగా విడగొడతారు. ఒక్కో జట్టులోని ఇద్దరు చెరో గ్రూపులోకి వెళ్తారు. ఒక్కో గ్రూపులో 11 కార్లు, ఒక్కో దానికి 16 నిమిషాలు. ఒక్కో కారుకు 300 మీటర్లు దొరుకుతాయి. అదీ చాలదు.

16 నిమిషాలంటే 960 సెకన్లు. ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. పిట్ నుంచి బయటికి వచ్చే ల్యాప్ 110 సెకన్లు. వేడెక్కించే ఇంకో ల్యాప్ 100. మంచి ల్యాప్ 81. టైర్లు చల్లార్చుకుంటూ, వెనక ఖాళీ చూసుకుంటూ ఒకటి 105. మళ్లీ మంచి ల్యాప్ 81. పిట్‌కు తిరిగి రావడం 105. టైర్లు మార్చి బయటపడటానికి 60. ఇప్పటికి 642 సెకన్లు. రెండో సెట్ మీద బయటి ల్యాప్ 110, వేడి ల్యాప్ 100, మంచి ల్యాప్ 81. మొత్తం 933. గడియారం సున్నా అయ్యేలోపు గీత దాటి మొదలుపెట్టిన ల్యాప్ చెల్లుతుంది కాబట్టి ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. చేతిలో ఉన్న మిగులు 27 సెకన్లు. రోడ్డు మీద రబ్బరు బాగా పరుచుకుని ఉన్న ఆ చివరి ల్యాపే అన్నిటికన్నా విలువైనది. రాస్కాస్ మలుపు దగ్గర ముందున్న నాలుగు కార్లు ఖాళీ కోసం ఆగుతూ నడిచి, ఆ 27 సెకన్లు తినేస్తే అది పోయినట్టే.

ముందుగా బయటికి వెళ్లినవాడికి దారి ఖాళీగా ఉంటుంది, కానీ పట్టు తక్కువ. చివర్న వెళ్లినవాడికి పట్టు ఎక్కువ, కానీ ఎవరైనా గోడకు కొడితే అసలు ల్యాపే ఉండదు. ఎర్రజెండా పడితే అందరూ పిట్‌కు రావాలి, అంత కష్టపడి ఎక్కించిన వేడి అక్కడ నిలబడి ఉండగానే దిగిపోతుంది. పసుపు జెండా ఊపుతున్నచోట వేగం తగ్గించనివాడి ల్యాప్ సమయం కొట్టేస్తారు, అది పోల్ సమయమైనా సరే. ఎవరి దారికైనా అడ్డం వస్తే గ్రిడ్ స్థానాలు పోతాయి. ఇవన్నీ చూసుకుని నా మట్టుకు నేను మొదటి సెట్ మీదే ఒక గట్టి సమయం పెట్టుకోవడం సరైన పని అంటాను. అంతా చివరి ల్యాప్ మీద వదిలేసే జట్లకు ఇక్కడ మూల్యం భారీగా ఉంటుంది.

రెండు గ్రూపుల ఫలితాన్ని కలిపే తీరు తెలుసుకోవాలి. అందరిలోకీ వేగమైన ల్యాప్ ఏ గ్రూపులో వచ్చిందో ఆ గ్రూపుకు గ్రిడ్ మీద బేసి స్థానాలు: 1, 3, 5, 7... రెండో గ్రూపుకు సరి స్థానాలు. అంటే పోల్ వచ్చిన గ్రూపులో రెండో వాడు మొత్తం మీద రెండో వేగం సాధించినా మూడో స్థానంలోనే నిలబడతాడు. అన్యాయంలా కనిపిస్తుంది. కానీ ఒక గ్రూపుకు వాన పడి, ఇంకో గ్రూపుకు రోడ్డు ఆరితే ఉత్త సమయాల ప్రకారం గ్రిడ్ వేయడం అంతకన్నా పెద్ద అన్యాయం.

11వ స్థానం ఎందుకంత చేదు

ఎఫ్2లో శనివారం స్ప్రింట్ గ్రిడ్‌ను క్వాలిఫయింగ్‌లోని మొదటి 10 స్థానాలు తిరగేసి వేస్తారు. పదో వాడు ముందు, పోల్ వాడు పదో స్థానంలో. ఆదివారం ఫీచర్ రేసుకు మాత్రం అసలు వరసే. స్ప్రింట్‌లో మొదటి 8 మందికి 10, 8, 6, 5, 4, 3, 2, 1 పాయింట్లు. ఫీచర్‌లో 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. పోల్‌కు 2.

మొనాకోలో ఎవరూ ఎవరినీ దాటరని, ఏ గొడవా జరగదని అనుకుందాం. పోల్ వాడికి స్ప్రింట్‌లో సున్నా, ఫీచర్‌లో 25, పోల్‌కు 2, మొత్తం 27. రెండో వాడికి 18. మూడో వాడికి 16, నాలుగో వాడికి 14, అయిదో వాడికి 13, ఆరో వాడికి 12. ఏడో వాడికి స్ప్రింట్‌లో 5, ఫీచర్‌లో 6, కలిపి 11. ఎనిమిదికి 10, తొమ్మిదికి 10, పదికి 11. పదకొండుకు సున్నా.

ఏడు నుంచి పది దాకా దాదాపు ఒకటే విలువ. పదికీ పదకొండుకీ మధ్య 11 పాయింట్ల అగాధం. దీన్ని గ్రూపుల్లోకి మారిస్తే ఇంకా స్పష్టమవుతుంది. ఒక్కో గ్రూపులో అయిదో స్థానం వస్తే మొత్తం మీద 9 లేదా 10. ఆరో స్థానమైతే 11 లేదా 12. అంటే తన గ్రూపులో అయిదో వాడికీ ఆరో వాడికీ సెకనులో పదో వంతు కూడా తేడా లేకపోవచ్చు, ఒకడు స్ప్రింట్‌లో ముందు వరసలో నిలబడతాడు, ఇంకొకడికి వారాంతమంతా ఏమీ దొరక్కపోవచ్చు. స్ప్రింట్ పోల్ దక్కేది సరి స్థానాల గ్రూపులో అయిదో వాడికి. కావాలని పదో స్థానం కోసం నెమ్మదించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. పక్క గ్రూపులో ఏం జరుగుతుందో, చివరి నిమిషంలో ఎవరు మెరుగుపడతారో తెలియకుండా అలా గురి పెట్టడం కుదిరే పని కాదు. పైగా తప్పితే పడేది సున్నాలోనే.

గోడ తగిలితే

ఈత కొలను దగ్గరి రెండో షికేన్‌ను దగ్గరగా చూద్దాం. ముందు కుడికి, వెంటనే ఎడమకు. కుడి మలుపులో లోపలి గోడకు ఎంత ఆనుకుంటే దారి అంత నిటారుగా వస్తుంది. డ్రైవర్ రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఆనుకుంటే కుడి ముందు చక్రం గోడకు తగులుతుంది. ఆ దెబ్బకు స్టీరింగ్ కడ్డీ వంగుతుంది లేదా విరుగుతుంది. ఇక ఎడమకు తిప్పినా చక్రం మాట వినదు. కారు నేరుగా ఎదురుగా ఉన్న బయటి బ్యారియర్‌లోకి పోతుంది. మాక్స్ వెర్‌స్టాపెన్ 2016లోనూ 2018లోనూ ఇక్కడ ఇలాగే కారు విరగ్గొట్టుకున్నాడు, 2021 ఫార్ములా 1 క్వాలిఫయింగ్‌లో షార్ల్ లెక్లేర్ కూడా అంతే.

లెక్లేర్ సంగతిలో మెకానిక్కులందరూ గుర్తుంచుకోవాల్సిన విషయం ఉంది. పోల్ అతనికే దక్కింది. దెబ్బ తిన్న గేర్‌బాక్స్‌ను జట్టు పరీక్షించి, బాగుందని తేల్చింది. తీరా ఆదివారం గ్రిడ్ మీదికి వెళ్లే ల్యాప్‌లో ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే ఎడమ వైపు డ్రైవ్‌షాఫ్ట్ హబ్ విఫలమైంది, సొంత ఊరి రేసును అతను మొదలే పెట్టలేదు. గోడ తాకింది ఒక మూల, చివరికి విరిగింది ఇంకో మూల.

ఎఫ్2 కారు విష్‌బోన్లు (చక్రాన్ని కారుకు కలిపే కడ్డీలు) స్టీలువి. స్టీలు విరిగే ముందు వంగుతుంది. అందుకని గోడను రాసుకుని వచ్చిన కారు పైకి బాగానే కనిపిస్తుంది. డ్రైవర్‌కు దొరికే మొదటి ఆనవాలు స్టీరింగ్. నిలువు దారిలో చక్రాలు నేరుగా ఉన్నా స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉంటే ఏదో వంగినట్టే. పిట్‌కు రాగానే ముందు రిమ్‌కు పగుళ్లు ఉన్నాయేమో చూస్తారు. తర్వాత కారుకు రెండు పక్కలా దారం కట్టి చక్రాల టో (లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) కొలుస్తారు. కొలత తేడా వస్తే స్టీరింగ్ కడ్డీ, పుష్‌రాడ్, విష్‌బోన్ మార్చేస్తారు. సరిచేసి వాడటం ఉండదు. ఆపైన చదునైన పలక మీద నాలుగు చక్రాల బరువులు తూచి అమరిక మళ్లీ మొదటి నుంచి పెడతారు. తగలని వైపు హబ్, డ్రైవ్‌షాఫ్ట్ కూడా విప్పి చూడాలి. ఎఫ్1 గరాజ్‌లు ఎఫ్2 జట్లవి కావు. వాళ్ల పనంతా వేరే చోట, సెషన్ వేళకు సామానంతా బండ్ల మీద పిట్ లేన్‌లోకి తోసుకు రావాలి. సెషన్ మధ్యలో పెద్ద మరమ్మతు అన్న మాటే లేదు.

స్టార్ట్, మొదటి మలుపు

గ్రిడ్ వంపు మీద ఉంటుంది కాబట్టి వెనక వరసల వాళ్లకు ముందు ఏం జరుగుతోందో కనబడదు. మొదటి మలుపు చాలా దగ్గర, కుడికి తిరిగి వెంటనే ఎత్తు ఎక్కుతుంది. పోల్ వాడి క్లచ్ సరిగా పట్టకపోతే పక్కవాడు సమానంగా వస్తాడు, ఇద్దరూ పక్కపక్కనే తిరిగేంత చోటు అక్కడ లేదు. 2025 ఫీచర్‌లో కనిపించింది అదే. మొనాకోలో రేసంతటిలో దాటే అవకాశం నిజంగా ఉండేది ఆ కొద్ది సెకన్లలోనే కాబట్టి ఇద్దరిలో ఎవరూ తగ్గడానికి ఇష్టపడరు.

ఎఫ్2లో క్లచ్ చేతి మీటతో నడుస్తుంది, డ్రైవర్ వేళ్లతోనే పట్టు దొరికే చోటు వెతుక్కోవాలి. 2018లో ఈ కార్లు కొత్తగా వచ్చినప్పుడు గ్రిడ్ మీద ఇంజన్లు ఆగిపోవడం ఎంత ఎక్కువైందంటే, రెడ్ బుల్ రింగ్, సిల్వర్‌స్టోన్‌లలో నిలబడి మొదలుపెట్టే పద్ధతి మానేసి, కార్లు నడుస్తుండగానే రేసు మొదలయ్యే రోలింగ్ స్టార్ట్ పెట్టారు. మొనాకో లాంటి ఇరుకు గ్రిడ్ మీద ఒక కారు ఆగిపోతే వెనకవాడికి అది కనబడే సరికే ఆలస్యమైపోతుంది.

స్ప్రింట్ గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. 30 ల్యాపులు, పిట్ స్టాప్ తప్పనిసరి కాదు. ముందున్నవాడు టైర్లు కాపాడుకుంటూ, నూవెల్ షికేన్‌కు ముందు లోపలి వైపు మూసి ఉంచితే చాలు. అసలు చిక్కంతా ఫీచర్‌లో.

ఫీచర్ రేసు: ఎప్పుడు ఆగాలి

42 ల్యాపులు, సుమారు 140 కిలోమీటర్లు, లేదా 60 నిమిషాలు, ఏది ముందైతే అది. రెండు రకాల టైర్లూ వాడాలి, అంటే ఒక్కసారైనా పిట్‌లో ఆగక తప్పదు. మొదటి 6 ల్యాపుల్లో చేసిన స్టాప్ లెక్కలోకి రాదు. పిట్ లేన్‌లో వేగ పరిమితి గంటకు 60 కిలోమీటర్లు.

మామూలు ట్రాక్ మీద ముందుగా ఆగి, కొత్త టైర్ల వేగంతో ఎదుటివాడిని దాటేయడం తేలిక ఉపాయం. ఇక్కడ అది తరచూ ఎదురు తన్నుతుంది. ముందు ఆగినవాడు చల్లని టైర్ల మీద బయటికి వస్తాడు. అవి వేడెక్కే దాకా రెండు ల్యాపుల్లో కొన్ని సెకన్లు పోతాయి. పైగా ఇంకా ఆగని నెమ్మది కార్ల వెనక పడితే రేసు అక్కడే ఇరుక్కుపోతుంది. ఆగనివాడికి ముందున్న కారు తప్పుకోగానే దారి ఖాళీ. పాతవే అయినా వేడిగా ఉన్న టైర్ల మీద రెండు మూడు ల్యాపులు గట్టిగా కొట్టి, తర్వాత ఆగి ముందుకు వస్తాడు. కాబట్టి ముందు వరసల్లో ఉన్నవాళ్లు ఆలస్యంగా ఆగడమే మేలు, వెనక టైర్లు రేగిపోకుండా ఉన్నంత కాలం.

వెనక నుంచి బయలుదేరినవాడి ఆలోచన వేరు. గట్టి టైర్లతో మొదలుపెట్టి, వీలైనంత దూరం లాగుతూ సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగితే అందరి ముందూ నెమ్మదిగా నడిచే కారు) కోసం ఎదురుచూస్తాడు. సేఫ్టీ కార్ వస్తే అందరూ నెమ్మదిస్తారు కాబట్టి పిట్‌లో పోయే సమయం బాగా తగ్గుతుంది. వర్చువల్ సేఫ్టీ కార్‌తో (నిజం కారు రాకుండానే అందరూ వేగం తగ్గించుకోవాల్సిన ఆదేశం) ఈ లాభం లేదు, అది నడుస్తుండగా చేసిన స్టాప్ తప్పనిసరి స్టాప్‌గా చెల్లదు. ఆ ఆదుర్దాలో డ్రైవర్ లోపలికి తిప్పకుండా ఇంజనీర్ రేడియోలో వెంటనే చెప్పాలి. ఏది వస్తుందన్నది కారు ఎక్కడ ఆగిందన్న దాని మీద ఉంటుంది. సాంత్ దెవోత్‌లోనో మిరాబోలోనో తప్పించుకునే దారిలోకి పోయి ఆగితే చాలాసార్లు పసుపు జెండాతో సరిపోతుంది, గోడ వెనక క్రేన్లు సిద్ధంగా ఉంటాయి. ఈత కొలను దగ్గర ముక్కలు చల్లుకుని దారి మధ్యలో ఆగితే అలా కుదరదు.

ఒకే జట్టు కార్లు రెండూ ఒకే సేఫ్టీ కార్‌కు లోపలికి వస్తే రెండోది మొదటిదాని వెనక నిలబడి ఎదురుచూడాలి. అందుకే చాలా జట్లు ఒకరికి మెత్త టైర్లు, ఇంకొకరికి గట్టి టైర్లు వేసి, ఆగే సమయాలు ముందే విడగొడతాయి.

ఎఫ్3లో ఈ తలనొప్పి లేదు, పిట్ స్టాప్ అసలే ఉండదు. 30 కార్లు, గ్రూపుకు 15, స్ప్రింట్‌కు మొదటి 12 స్థానాలు తిరగేస్తారు. అక్కడ గ్రూపులో ఆరో స్థానమే ఆ గీత.

గడియారం కూడా చూసుకోవాలి. రేసు వేగంలో ల్యాప్ 84 సెకన్లనుకుంటే 42 ల్యాపులకు 58 నిమిషాల 48 సెకన్లు. పరిమితి 60 నిమిషాలు. ఒక్క సేఫ్టీ కార్ వస్తే చాలు, 42 ల్యాపులు పూర్తి కావు, రేసు గడియారం ప్రకారమే ముగుస్తుంది. ఆలస్యంగా ఆగుదామని గట్టి టైర్లతో మొదలుపెట్టినవాడు మిగిలిన ల్యాపులు 12 అనుకుంటే అవి 8 అయిపోవచ్చు. చివర్లో సూపర్‌సాఫ్ట్ తొడిగి వేగంగా పోదామనుకున్న పథకం, ఆ టైర్లు వేడెక్కడానికే రెండు ల్యాపులు తినేస్తే, సగం కరిగిపోతుంది. అందుకే పిట్ గోడ మీద కూర్చున్న ఇంజనీర్ ల్యాపులు లెక్కపెట్టడు, మిగిలిన నిమిషాలను ల్యాపులుగా మార్చి ప్రతి సేఫ్టీ కార్ తర్వాతా మళ్లీ మొదటి నుంచి లెక్క వేస్తాడు.